గొంతు ఇచ్చినవారు
జాజ్, సోల్ సంగీతాలలో వినదగిన ఏడుగురు

ఆకాశవాణిలో ఒక పాట వినిపించే ముందు మూడు పేర్లు చెప్పడం ఆనవాయితీ. రచన ఫలానావారు, సంగీతం ఫలానావారు, గానం ఫలానావారు. శ్రోత మనసులో మాత్రం చాలాసార్లు మూడవ పేరే ముందుగా నిలుస్తుంది. చరణంలో మాటలు మరచిపోయినా, రాగం తెలియకపోయినా ఆ గొంతు గుర్తుండిపోతుంది. విచిత్రమేమిటంటే చట్టం దృష్టిలో ఈ మూడవ పేరుకు చాలాకాలం చోటు లేదు. రాసినవారికి, బాణీ కట్టినవారికి, రికార్డు విడుదల చేసిన సంస్థకు హక్కులు ఉండేవి. పాడినవారికి ఆనాటి కూలి దక్కేది.

ఈ వైపరీత్యం అమెరికా నల్లజాతి గాయనీగాయకుల చరిత్రలో కనిపించినంత స్పష్టంగా మరెక్కడా కనిపించదు. ప్రపంచమంతటా ఈనాడు వినిపిస్తున్న జనరంజక సంగీతానికి పునాదులు వేసినవారు వారే. ఆ పునాదిపై లేచిన మేడలో వారిలో చాలామందికి గది దొరకలేదు. అటువంటి ఏడుగురిని పాఠకులకు పరిచయం చేయదలచాము. వారి పాటలో ఏమి వినాలో, ఆ పాట వారికి ఏమి మిగిల్చిందో చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం.

పొలంలో పాట, ప్రార్థనలో పాట

ఆఫ్రికా నుండి బానిసలుగా కొనిరాబడినవారు అమెరికా దక్షిణ రాష్ట్రాల పత్తి చేలలో పనిచేస్తూ పాడుకున్న పాటలు ఒక పాయ. వారి చర్చిలలో వినిపించిన భక్తిగీతాలు మరొక పాయ. వరినాట్ల వేళ ఒకరు పాట ఎత్తుకోగా మిగిలినవారు అందుకోవడం మన పల్లెలకు కొత్త కాదు. బుర్రకథలో కథకునికి వంత పాడేవారు ఉండటమూ మనకు తెలిసినదే. పిలుపు, దానికి బదులు అన్న ఈ పద్ధతే నల్లజాతి సంగీతానికి వెన్నెముక.

1865లో బానిసత్వం రద్దయిన తరువాతి తరాలలో బ్లూస్ అనే గీతప్రక్రియ రూపుదిద్దుకున్నది. సాధారణంగా ఇందులో చరణానికి మూడు పాదాలు. మొదటి పాదాన్నే రెండవసారి పాడి, మూడవ పాదంలో దానికి ముక్తాయింపు ఇస్తారు. స్వరాలు పియానో మెట్ల మీద నిలకడగా నిలవక వాటి నడుమ జారుతూ ఉంటాయి. గమకానికి అలవాటు పడిన మన చెవికి ఇది వింతగా తోచదు. ఇరవయ్యవ శతాబ్ది తొలినాళ్ళలో న్యూ ఆర్లియన్స్ నగరంలో బ్లూస్, బాకాల మేళాలు, నృత్యసంగీతం కలిసి జాజ్ అయింది. రాసిపెట్టిన వరసను అప్పటికప్పుడు పెంచుతూ పోవడం, మన పరిభాషలో చెప్పాలంటే మనోధర్మం, జాజ్‌కు ప్రాణం. 1950 దశకంలో చర్చి భక్తిగీతాల ఆవేశాన్ని లౌకికమైన పాటలలోకి తీసుకురాగా సోల్ సంగీతం పుట్టింది.

బెస్సీ స్మిత్: సమాధికి రాయి లేని సామ్రాజ్ఞి

టెనెసీ రాష్ట్రంలోని చాటనూగాలో 1894లో పుట్టిన బెస్సీ స్మిత్ చిన్నతనంలోనే తల్లిదండ్రులను పోగొట్టుకొని వీధులలో పాడి పొట్టపోసుకున్నది. గుడారాలలో, నాటకశాలలలో మైకు లేకుండా వెనుక వరుస వరకు వినిపించే గొంతు ఆమెది. 1923లో వెలువడిన తొలి రికార్డు 'డౌన్‌హార్టెడ్ బ్లూస్' లక్షల సంఖ్యలో అమ్ముడుపోయింది. అభిమానులు ఆమెను బ్లూస్ సామ్రాజ్ఞి అన్నారు.

1925లో ఆమె పాడిన 'సెయింట్ లూయిస్ బ్లూస్' తప్పక వినదగినది. పక్కవాద్యాలు రెండే. ఒకటి లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ కార్నెట్ బాకా. రెండవది మన హార్మోనియం జాతికే చెందిన రీడ్ ఆర్గన్. బెస్సీ ఒక పాదం ముగించి ఊపిరి తీసుకునేలోగా బాకా బదులు పలుకుతుంది. ఇద్దరు పెద్దమనుషులు ఒకరి మాటకు మరొకరు అడ్డురాకుండా సంభాషించుకున్నట్లు ఉంటుంది.

రికార్డుకు ఇంత అని ఆమెకు రొక్కం ముట్టేది. ఎన్ని ప్రతులు అమ్ముడైనా అంతకుమించి వచ్చేది కాదు. 1937లో మిసిసిపీ రాష్ట్రంలో జరిగిన కారు ప్రమాదంలో ఆమె మరణించింది. అంత్యక్రియలకు వేలాది జనం వచ్చారు గాని, సమాధికి 1970 వరకు పేరు చెక్కిన రాయి లేదు. ఆ సంవత్సరం రాక్ గాయని జానిస్ జాప్లిన్, చిన్ననాడు బెస్సీ ఇంట పనిచేసిన మరొక మహిళ కలిసి ఆ ఖర్చు భరించారు.

బిల్లీ హాలిడే: తాళం వెనుక నడిచిన మాట

1933 నవంబరులో నిర్మాత జాన్ హామండ్ మూడు రోజుల తేడాతో రెండు రికార్డింగులు జరిపించాడు. మొదటిది బెస్సీ స్మిత్ చివరి రికార్డింగు. రెండవది పద్ధెనిమిదేళ్ళ బిల్లీ హాలిడే తొలి రికార్డింగు. ఒక యుగం మరొక యుగానికి దీపం అందించిన ఘట్టమది.

బిల్లీకి బెస్సీ వంటి గంభీరమైన గొంతు లేదు. ఆమె గొంతు స్థాయి ఒక అష్టకాన్ని పెద్దగా మించదు. కాని కాలప్రమాణం మీద ఆమెకున్న పట్టు అసాధారణం. తాళం ముందుకు సాగిపోతుండగా మాట కొంచెం వెనుకగా, తొందర లేకుండా వస్తుంది. జారిపోయిందేమో అని మనం అనుకునేలోగా తన చోటికి చేరుకుంటుంది. 1930 దశకంలో పియానో విద్వాంసుడు టెడ్డీ విల్సన్‌తోను, శాక్సోఫోన్ వాద్యకారుడు లెస్టర్ యంగ్‌తోను ఆమె పాడిన పాటలలో ఈ గుణం ప్రస్ఫుటం.

1939లో ఆమె పాడిన 'స్ట్రేంజ్ ఫ్రూట్' దక్షిణ రాష్ట్రాలలో మూకలు నల్లవారిని చెట్లకు ఉరితీసిన దారుణాల మీద ఒక బడి పంతులు రాసిన పాట. అప్పటికి ఆమె పాటలు విడుదల చేస్తున్న పెద్ద సంస్థ దానిని రికార్డు చేయడానికి అంగీకరించలేదు. కమడోర్ అనే చిన్న సంస్థ ఆ పని చేసింది. న్యూయార్క్‌లోని కేఫ్ సొసైటీలో ఆమె ఈ పాటను చివరగా పాడేది. ఆ సమయంలో వడ్డన ఆపివేసేవారు. ఆమె ముఖం మీద తప్ప ఎక్కడా దీపం ఉండేది కాదు.

మాదకద్రవ్యాల కేసులో 1947లో ఆమెకు జైలుశిక్ష పడింది. విడుదలైన కొద్దిరోజులకే, 1948 మార్చిలో, కార్నెగీ హాలు ఆమె కోసం కిటకిటలాడింది. అయితే మద్యం అమ్మే శాలలలో పాడటానికి న్యూయార్క్ పోలీసులు ఇచ్చే అనుమతి కార్డు ఆమెకు రద్దయింది. సభాభవనంలో పాడవచ్చు గాని, నిత్యం జీతం తెచ్చే చోట పాడరాదు. అన్నం పెట్టే విద్య చేతిలో ఉండగా, పని చేసుకునే హక్కు పోయింది. 1959 జులై 17న నలభైనాలుగేళ్ళ వయసులో ఆమె మరణించింది. అంతకు ముందు సంవత్సరం పాడిన 'లేడీ ఇన్ శాటిన్' ఆల్బమ్‌లో గొంతు బీటలు వారింది. కాలప్రమాణం మాత్రం చెక్కుచెదరలేదు.

ఎల్లా ఫిట్జెరాల్డ్: మాట మరచినా పాట ఆగలేదు

1934లో న్యూయార్క్ హార్లెమ్‌లోని అపోలో థియేటర్ ఔత్సాహికుల పోటీకి పదిహేడేళ్ళ ఎల్లా నాట్యం చేయాలని వచ్చింది. తనకు ముందు ఆడినవారి నైపుణ్యం చూసి జంకి, అప్పటికప్పుడు పాటకు మారింది. బహుమతి గెలిచింది. మరుసటి సంవత్సరం చిక్ వెబ్ మేళంలో గాయనిగా చేరి, 1938 నాటికి దేశమంతటా పేరు పొందింది.

అర్థం లేని అక్షరాలతో వాద్యంలా పాడటాన్ని స్కాట్ అంటారు. మన తిల్లానాలోని జతులు, కల్పనస్వరాలలోని ఊహ రెండూ కలిస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. ఇందులో ఎల్లాను మించినవారు అరుదు. 1960లో బెర్లిన్ కచేరీలో 'మాక్ ద నైఫ్' పాడుతూ మధ్యలో మాటలు మరచిపోయింది. తడబడకుండా, తాను మరచిపోయిన సంగతినే పాటగా కట్టి పాడేసింది. ఆ రికార్డింగుకు గ్రామీ బహుమతి లభించింది.

1956 నుండి 1964 వరకు ఎనిమిది సంపుటాలుగా ఆమె పాడిన 'సాంగ్ బుక్' ఆల్బమ్‌ల అట్టల మీద కోల్ పోర్టర్, గెర్ష్‌విన్, ఎల్లింగ్టన్ వంటి రచయితల, స్వరకర్తల పేర్లు ఉంటాయి. శ్రోతలు మాత్రం వాటిని ఎల్లా పాటలుగానే గుర్తుపెట్టుకున్నారు. ఆమె మేనేజరు నార్మన్ గ్రాంజ్ తన కచేరీలలో నల్లవారిని, తెల్లవారిని వేరుగా కూర్చోబెట్టరాదని ఒప్పందంలోనే రాయించేవాడు. 1955లో హ్యూస్టన్‌లో అలా అందరూ కలిసి కూర్చున్న కచేరీ జరుగుతుండగా, పోలీసులు తెరవెనుక గదిలోకి వచ్చి జూదం నెపంతో కొందరిని అరెస్టు చేశారు. ఆ గదిలో ఫలహారం చేస్తున్న ఎల్లాను కూడా తీసుకుపోయారు.

రూత్ బ్రౌన్: లెక్క అడిగిన గొంతు

జాజ్‌కు, సోల్‌కు నడుమ వారధి రిథమ్ అండ్ బ్లూస్. ఆ వారధిపై నిలబడిన తొలి తారలలో వర్జీనియా రాష్ట్రానికి చెందిన రూత్ బ్రౌన్ ఒకరు. 1947లో స్థాపితమైన అట్లాంటిక్ రికార్డు సంస్థ నిలదొక్కుకున్నది ఆమె పాటల అమ్మకాల మీదనే. అందుకే దానిని రూత్ కట్టిన ఇల్లు అని పిలిచేవారు. 1950 నాటి 'టియర్‌డ్రాప్స్ ఫ్రమ్ మై ఐస్' వింటే మాట చివర గొంతు చటుక్కున పైకి విరిగే ఆ చమత్కారం తెలుస్తుంది. చాలామంది దానిని అనుకరించారు.

అభిరుచులు మారాయి. 1960 దశకంలో ఆమె ఇతరుల ఇళ్ళలో పనిచేసి, బస్సు నడిపి బిడ్డలను పెంచింది. ఆమె పాత రికార్డుల అమ్మకం ఆగలేదు; ఆమెకు మాత్రం ఏమీ రాలేదు. సంస్థ లెక్కల ప్రకారం రికార్డింగు ఖర్చులన్నీ గాయని ఖాతాలో అప్పుగా ఉండేవి. 1980 దశకంలో పాత రికార్డు మీద సంతకం కోసం వచ్చిన ఒక న్యాయవాది, వీటి మీద మీకు ఎంత వస్తున్నదని అడిగాడు. ఆ ప్రశ్నతో పోరాటం మొదలైంది. 1988లో సంస్థ పాత అప్పులు రద్దుచేసి, వెనుకటి సంవత్సరాలకు రాయల్టీ చెల్లించడానికి ఒప్పుకున్నది. ఆమెకే కాక ఆమె తరం కళాకారులు పలువురికి ఆ మేలు జరిగింది. వృద్ధ కళాకారుల సహాయార్థం రిథమ్ అండ్ బ్లూస్ ఫౌండేషన్ ఏర్పడటానికి నిధులు కూడా ఇచ్చింది. తన బాకీ ఒక్కటే వసూలు చేసుకొని ఊరుకోకపోవడం ఆమె గొప్పతనం. 1989లో బ్రాడ్వే నాటకరంగపు టోనీ బహుమతి ఆమెను వరించింది.

శామ్ కుక్: హక్కు తెలిసినవాడు

మతబోధకుని కుమారుడైన శామ్ కుక్ సోల్ స్టిరర్స్ అనే భక్తిగీతాల బృందంలో పాడి పేరు తెచ్చుకున్నాడు. 1957లో 'యూ సెండ్ మీ' అనే ప్రేమగీతంతో లౌకిక సంగీతంలోకి వచ్చాడు. చర్చి శ్రోతలలో కొందరు నొచ్చుకున్నారు. ఆయన గొంతు పట్టులా నునుపైనది. ఒక అచ్చును సాగదీసి చివర చిన్న బిర్కా వేయడం ఆయన ముద్ర.

ముందుతరం అనుభవాలు చూసిన శామ్ కుక్ తన పాటలు తానే రాసుకున్నాడు. పాటల ప్రచురణ హక్కులకు ఒక సంస్థను, ఇతరుల రికార్డుల విడుదలకు మరొక సంస్థను భాగస్వామితో కలిసి నెలకొల్పాడు. ఆ రోజులలో నల్లజాతి గాయకుడు ఇలా చేయడం అరుదు. అయినా పేరు, ధనం అన్ని తలుపులూ తెరవలేదు. 1963 అక్టోబరులో లూసియానాలోని ష్రీవ్‌పోర్ట్‌లో ఒక బసలో గది నిరాకరించారు. ఆయన వాదించినందుకు పోలీసులు అరెస్టు చేశారు. తరువాత కొన్ని నెలలకే 'ఎ చేంజ్ ఈజ్ గానా కమ్' రికార్డయింది. మార్పు వస్తుందన్న నమ్మకాన్ని, అంతవరకు భరించవలసిన అలసటను ఒకే ఊపిరిలో పలికించిన పాట అది. 1964 డిసెంబరు 11న లాస్ ఏంజిలిస్‌లో తుపాకి కాల్పులలో ముప్ఫైమూడేళ్ళ వయసులో ఆయన మరణించాడు. ఆ పాట విడి రికార్డుగా వెలువడింది ఆ తరువాతనే.

నీనా సిమోన్: పియానో ముందు కూర్చున్న ఆగ్రహం

ఉత్తర కరొలైనాలో 1933లో పుట్టిన యూనిస్ వేమన్ నల్లజాతి శాస్త్రీయ పియానో విద్వాంసురాలిగా పేరు పొందాలని కలలు కన్నది. బాల్యంలో ఒక కచేరీలో తన తల్లిదండ్రులను ముందు వరుస నుండి లేపగా, వారిని తిరిగి కూర్చోబెట్టేవరకు వాయించనని మొండికేసింది. 1951లో ఫిలడెల్ఫియాలోని కర్టిస్ సంగీత విద్యాలయం ఆమెకు ప్రవేశం నిరాకరించింది. తన రంగే కారణమని ఆమె జీవితాంతం విశ్వసించింది.

1954లో అట్లాంటిక్ సిటీలో ఒక మద్యశాలలో పియానో వాయించే పనికి చేరగా, పాడితేనే కొలువు అన్నాడు యజమాని. తల్లికి తెలియకుండా నీనా సిమోన్ అని పేరు మార్చుకొని గాయని అయింది. తొలి ఆల్బమ్‌లోని 'లవ్ మీ ఆర్ లీవ్ మీ' మధ్యలో ఆమె వేళ్ళు బాఖ్ శైలిలో పరుగెడతాయి. చేజారిన చదువు అక్కడ వినిపిస్తుంది. ఆ ఆల్బమ్ హక్కులను మూడు వేల డాలర్లకు అమ్ముకున్నది. అందులోని ఒక పాట 1987లో ఒక పరిమళద్రవ్యం ప్రకటన ద్వారా బ్రిటన్‌లో మళ్ళీ మారుమోగింది. హక్కులు మాత్రం ఎన్నడో చేతులు మారాయి.

1963లో నల్లజాతి నాయకుడు మెడ్గర్ ఎవర్స్ హత్య, బర్మింగ్‌హామ్ చర్చిలో బాంబు పేలి నలుగురు బాలికలు మరణించడం ఆమెను కదిలించాయి. ఆ ఆగ్రహంతో రాసిన 'మిసిసిపీ గాడామ్' పాటకు నడక మాత్రం హుషారైన నాటకగీతానిది. నవ్వుతూ వినసాగిన శ్రోతలు క్రమంగా మౌనం వహిస్తారు. 2003 ఏప్రిల్ 21న ఫ్రాన్స్‌లో ఆమె మరణించింది. దానికి రెండు రోజుల ముందు కర్టిస్ విద్యాలయం ఆమెకు గౌరవ పట్టం ప్రకటించింది.

అరీతా ఫ్రాంక్లిన్: ఒక మాటకు కొత్త అర్థం

డెట్రాయిట్ నగరంలో ప్రసిద్ధ మతబోధకుని కుమార్తె అరీతా. చర్చిలో పాడుతూ పెరిగింది. బెస్సీని, బిల్లీని రికార్డు చేసిన జాన్ హామండే 1960లో ఆమెను కొలంబియా సంస్థకు తెచ్చాడు. అక్కడ ఆరేళ్ళు ఆమె గొంతుకు తగిన దారి దొరకలేదు. 1967లో అట్లాంటిక్ సంస్థకు మారినప్పుడు ఆమెను పియానో ముందు కూర్చోబెట్టి, చర్చిలో పాడినట్లే పాడమన్నారు. దారి తెరుచుకున్నది.

'రెస్పెక్ట్' పాటను 1965లో రాసి పాడినవాడు ఓటిస్ రెడింగ్. పని నుండి అలసి వచ్చిన మగవాడు ఇంట్లో గౌరవం కోరడం దాని సారాంశం. 1967 ఫిబ్రవరి 14న అరీతా దానిని తిరగరాసినంత పని చేసింది. ఇప్పుడు గౌరవం అడుగుతున్నది స్త్రీ. ఆ మాటను అక్షరం అక్షరంగా విడగొట్టి పలకడం, చెల్లెలు, అక్క వెనుక నుండి వంత పాడటం ఆమె చేర్పులే. ఓటిస్ పాటలో అవి లేవు. ఆ పాట దేశంలో మొదటి స్థానానికి చేరి, స్త్రీల ఉద్యమానికి, నల్లవారి హక్కుల ఉద్యమానికి నినాదమైంది.

అమెరికా చట్టం ప్రకారం రేడియోలో పాట ప్రసారమైతే రుసుము రచయితకు, ప్రచురణకర్తకు వెళుతుంది, గాయనికి కాదు. ఐదు దశాబ్దాలుగా ఆ పాట ఎన్నిసార్లు మోగినా, 2018 ఆగస్టు 16న ఆమె కన్నుమూసే నాటికి కూడా ఆ పద్దు కింద అరీతాకు రావలసినది సున్న. పాత గాయకుల కష్టాలు చూసిన ఆమె కచేరీకి ముందే రొక్కం పుచ్చుకొని, ఆ చేతిసంచిని వేదిక మీద కళ్ళెదుటే ఉంచుకొనేదని ప్రసిద్ధి. ఆమె మరణించిన రెండు నెలలకు, 2018 అక్టోబరులో, అమెరికాలో ఒక కొత్త చట్టం వచ్చింది. 1972 ఫిబ్రవరికి ముందు రికార్డయిన పాటలు ఇంటర్నెట్ రేడియోలో ప్రసారమైతే పాడినవారికీ వాటా ఇవ్వాలని అది నిర్దేశించింది. సాధారణ రేడియోను ఆ చట్టం తాకలేదు.

మన చట్టంలో మూడవ పేరు

ఇది పరాయి దేశపు ముచ్చట మాత్రమే కాదు. మన 1957 నాటి కాపీరైట్ చట్టంలోనూ మొదట గాయకుల ప్రస్తావన లేదు. సినిమా పాటలలో గాయకులకు వాటా ఉండాలని లతా మంగేష్కర్ 1960 దశకంలోనే పట్టుబట్టారు. ఆ విషయమై మహమ్మద్ రఫీతో ఆమెకు అభిప్రాయభేదం వచ్చి, కొంతకాలం ఇద్దరూ కలిసి పాడలేదు. 1994 సవరణతో ప్రదర్శకుల హక్కు మన చట్టంలో చేరింది. సినిమాకు పాడినవారికి వాణిజ్య వినియోగంపై రాయల్టీ హక్కు 2012 సవరణతో గాని రాలేదు. కీర్తన ఒకటే అయినా పాడే విద్వాంసుని బట్టి అది వేరుగా వినిపిస్తుందని శతాబ్దాలుగా ఎరిగిన దేశంలో, ఆ తేడాకు విలువ కట్టడానికి అంతకాలం పట్టింది.

ఈ సంగీతాన్ని కొత్తగా వినదలచినవారు పైన పేర్కొన్న పాటలలో ఒక్కొక్కరిది ఒకటి ఎంచుకొని రోజుకు ఒకటి చొప్పున, అదే వరసలో వింటే ఒక వారం చాలు. మొదటిసారి ఆంగ్ల పదాల అర్థం కోసం తంటాలు పడనవసరం లేదు. బెస్సీ పాటలో ఊపిరిని, బిల్లీలో ఆలస్యాన్ని, ఎల్లాలో ఊహను, రూత్‌లో విరుపును, శామ్‌లో బిర్కాను, నీనాలో వేళ్ళను, అరీతాలో వంతను పట్టుకుంటే చాలు. రెండవసారి పదాలు వాటంతట అవే దగ్గరకు వస్తాయి.

ఇంట్లో పిల్లలు ఏ దేశపు పాట పెట్టినా, అది రాసినదెవరు, బాణీ ఎవరిది అని అడగడంతోపాటు పాడినదెవరు, వారికి ఏమి దక్కింది అని కూడా అడగడం మంచి అలవాటు. రూత్ బ్రౌన్‌కు ఆమె బాకీ రాబట్టింది అటువంటి ఒక ప్రశ్నే.